గడియారం పక్కన కవచం గుర్తు: విండోస్ సొంత యాంటీవైరస్ దొంగ యాంటీవైరస్‌లను ఎంతవరకు ఆపగలదు?

విండోస్ కంప్యూటర్ కొన్న ప్రతివారికీ దానితోపాటే ఒక యాంటీవైరస్ వస్తుంది. దాని పేరు మైక్రోసాఫ్ట్ డిఫెండర్. తెర కింది కుడిమూలన, గడియారానికి కొంచెం ఎడంగా, చాలాసార్లు పైకి చూసే బాణం గుర్తు వెనక దాక్కొని ఒక చిన్న కవచం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే విండోస్ సెక్యూరిటీ అనే కిటికీ తెరుచుకుంటుంది. నా కంప్యూటర్‌లో ఏళ్ల తరబడి ఉన్నా నేను దాన్ని పట్టించుకున్నది తక్కువే. నిరుడు తెనాలిలో మా మేనమామ ఇంట జరిగిన ఒక సంఘటన తరువాత మాత్రం దాన్ని లోపలా బయటా పరిశీలించవలసి వచ్చింది. ఈ సమీక్ష రాస్తున్నది ఒకే ప్రశ్నకు సమాధానం చెప్పడానికి: ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా వాడుకునే కంప్యూటర్‌ను, వైరస్ ఉందని భయపెట్టి డబ్బు గుంజే దొంగ యాంటీవైరస్‌ల నుంచి ఈ ఉచిత యాంటీవైరస్ కాపాడగలదా? వైరస్‌లను పట్టుకోవడంలో దాని సామర్థ్యం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. జర్మనీలోని ఏవీ-టెస్ట్ సంస్థ జరిపే పరీక్షల్లో రక్షణ విభాగంలో అది ఆరుకు ఆరు మార్కులు పలుమార్లు తెచ్చుకుంది. ఇంటి అవసరానికి ఆ మాట చాలు.

మామయ్య ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. పింఛను కాగితాలు, తిరుమల దర్శనం టికెట్లు, మనవరాలితో వీడియో మాటలు, పంచాంగం పీడీఎఫ్‌లు, ఇవే ఆయన కంప్యూటర్ పనులు. కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఏదో ఉచిత సైటులో పంచాంగం కోసం పెద్ద ఆకుపచ్చ డౌన్‌లోడ్ బొత్తాం నొక్కారు. తెరంతా నీలిరంగు కమ్ముకొని, పేరున్న ఒక కంపెనీ గుర్తుతో, మీ కంప్యూటర్‌లో వైరస్ చేరింది, బ్యాంకు వివరాలు దొంగిలిస్తున్నారు, కంప్యూటర్ ఆపితే సమాచారమంతా పోతుంది అన్న ఇంగ్లీషు హెచ్చరిక వచ్చింది; స్పీకర్లలోంచి సైరన్ మోత, దాని వెనక ఒక ఆడగొంతు. మౌస్ బాణం కనిపించలేదు. మధ్యలో పెద్ద అక్షరాలతో ఒక ఫోన్ నంబరు మాత్రం ఉంది. ఆయన ఫోన్ చేశారు. అవతలివాళ్లు దూరం నుంచే కంప్యూటర్ నడిపే ఒక ప్రోగ్రాం ఎక్కించుకొమ్మన్నారు, ముప్పావుగంట ఏవేవో చూపించారు, చివరికి మూడేళ్ల రక్షణ పేరిట ఏడువేల అయిదువందలు యూపీఐలో కట్టించుకొని ఒక కొత్త యాంటీవైరస్ పెట్టి వెళ్లారు. ఆయనకు అనుమానం రాలేదు. సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు, "నా కంప్యూటర్‌కి మంచి యాంటీవైరస్ వేయించాను, ఒకసారి చూడరా" అని సంతోషంగా చెప్పినందువల్లనే విషయం బయటపడింది.

ఆ ప్రోగ్రాంను తీసేసేముందు కొంతసేపు జాగ్రత్తగా పరిశీలించాను. ముందుగా ఇంటర్నెట్ తీగ పీకేసి, స్కాన్ బొత్తాం నొక్కాను. నలభై సెకన్లలో కంప్యూటర్ మొత్తం చూశానని చెప్పి, 1,243 ప్రమాదాలు ఉన్నాయని ఎర్ర అక్షరాల్లో చూపింది. జాబితాలో మొదటి పది ఫైళ్ల పేర్లు కాగితం మీద రాసుకొని ఒక్కొక్కదాన్ని వెతికితే, వాటిలో ఏడు ఆ కంప్యూటర్‌లో అసలు లేవు. రెండోది డీ డ్రైవులో ఉందని చెప్పింది. ఆ కంప్యూటర్‌కు ఉన్నది ఒక్క సీ డ్రైవే. అంటే అది వెతకడం లేదు, ముందే రాసిపెట్టుకున్న పట్టికను చదివి వినిపిస్తున్నది. తరువాత అదే కంప్యూటర్‌లో డిఫెండర్‌తో పూర్తి స్కాన్ చేయిస్తే గంటా యాభై నిమిషాలు పట్టింది, లక్షల ఫైళ్లు చూసింది. నిజంగా వెతికేవాడికి సమయం పడుతుంది. నకిలీని గుర్తుపట్టడానికి సాంకేతిక జ్ఞానం అక్కరలేని ఆనవాలు ఇదొకటి.

మామయ్య అలవాటుగా డైరీలో అన్నీ రాసిపెట్టుకుంటారు. ఆ రోజు పేజీలో ఆయన గుండ్రని చేతిరాతతో '888డీసీఏ60' అని మొదలయ్యే పొడవాటి సంఖ్య ఒకటి ఉంది. అవతలివాడు నల్లటి కమాండ్ కిటికీ తెరిపించి, 'అసాక్' అనే ఆదేశం టైపు చేయించి, చివరి వరుసల్లో ఒకదాన్ని చూడమని చెప్పి, "ఇది మీ కంప్యూటర్‌కు మాత్రమే ఉన్న గుర్తింపు సంఖ్య, మా రికార్డులో కూడా ఇదే ఉంది, సరిచూసుకోండి" అంటూ ఫోన్‌లో అంకె అంకె చదివి వినిపించాడట. సంఖ్య సరిపోయింది, నమ్మకం కుదిరింది. నేను పక్కనే నా ల్యాప్‌టాప్ తెరిచి అదే ఆదేశం ఇచ్చి చూపించాను. అవే అక్షరాలు, అవే అంకెలు. అది జిప్ ఫోల్డర్‌కు పంపడమనే చిన్న పనికి విండోస్ పెట్టుకున్న లోపలి పేరు. ప్రపంచంలో ప్రతి విండోస్ కంప్యూటర్‌లోనూ అదే ఉంటుంది. మామయ్య రెండు తెరలనూ చాలాసేపు మార్చిమార్చి చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశారు. ఆ తరువాత ఆయనకు ఇంకేదీ రుజువు చేయవలసిన అవసరం రాలేదు.

మిగతా ముప్పావుగంట వేషాలు కూడా ఎన్నో ఏళ్లుగా ఇదే క్రమంలో నడుస్తున్నవే. ఈవెంట్ వ్యూయర్ అనే కిటికీ తెరిచి అందులోని ఎర్ర గుర్తులనూ పసుపు గుర్తులనూ వైరస్‌లుగా చూపిస్తారు. నిజానికి అది విండోస్ రోజువారీ దినచర్య పుస్తకం. ప్రింటర్ ఆలస్యంగా స్పందించినా, ఏదో సేవ ఒకసారి మొదలుకాకపోయినా అందులో నమోదవుతుంది. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లోనూ అలాంటి గుర్తులు వందల్లో ఉంటాయి. 'ట్రీ' అనే ఆదేశం ఇస్తే ఫోల్డర్ల పేర్లు గబగబా పరుగెడతాయి. అది స్కాన్ అని చెప్పి, పరుగు ఆగగానే చివరన 'వైరస్ దొరికింది' అని తామే టైపు చేస్తారు. 'నెట్‌స్టాట్' అనే ఆదేశంతో బయటి చిరునామాల పట్టిక చూపించి, వీళ్లంతా విదేశీ దొంగలు, ఇప్పుడే లోపల ఉన్నారు అంటారు. అవి బ్రౌజర్ తెరిచిన మామూలు సైట్ల చిరునామాలు. ఇందులో ఒక్క వస్తువూ కల్పితం కాదు, అన్నీ విండోస్ సొంత పనిముట్లే. చూపించేది నిజం, చెప్పే అర్థం అబద్ధం. అందుకే చదువుకున్నవారు కూడా పడిపోతున్నారు, ఇందులో మామయ్య తెలివితక్కువతనమేమీ లేదని ఆ రోజు ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను.

ఇది కొత్త వ్యాపారం కూడా కాదు. 2008 డిసెంబరులో అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఉక్రెయిన్‌లోని కీవ్‌లో కార్యాలయం ఉన్న ఇన్నొవేటివ్ మార్కెటింగ్ అనే సంస్థ మీద కేసు వేసింది. విన్‌ఫిక్సర్, విన్‌యాంటీవైరస్, డ్రైవ్‌క్లీనర్, ఎక్స్‌పీ యాంటీవైరస్ వంటి పేర్లతో పది లక్షల మందికి పైగా కొనుగోలుదారులను వాళ్లు బూటకపు స్కాన్‌లతో భయపెట్టి మోసగించారన్నది అభియోగం; 2012లో అదే కేసులో 16 కోట్ల 30 లక్షల డాలర్లు కట్టాలని కోర్టు తీర్పు ఇచ్చింది. మ్యాక్ వాడితే భయం లేదనుకునేవారికి 2011 మే నెలలో మ్యాక్‌డిఫెండర్ అనే నకిలీ వచ్చింది. దాన్ని తొలగించడానికి ఆపిల్ ప్రత్యేకంగా ఒక అప్‌డేట్ విడుదల చేయవలసి వచ్చింది. ఆ ఏడాదే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరా పరిశోధకులు మూడు నకిలీ యాంటీవైరస్ వ్యాపారాల లెక్కలు పరిశీలించి, వాటి మొత్తం రాబడి 13 కోట్ల డాలర్లు దాటిందని తేల్చారు. ఆ లెక్కల్లో నన్ను ఆపింది మరొక సంగతి: ఆ వ్యాపారాలు అడిగిన కొందరికి డబ్బు వాపసు ఇచ్చేవి. ఫిర్యాదులు ఒక హద్దు దాటితే కార్డు కంపెనీలు చెల్లింపుల దారి మూసేస్తాయి కాబట్టి, ఆ హద్దు దాటకుండా చూసుకోవడం వాళ్లకు అవసరం. అందువల్ల 'అడిగితే డబ్బు తిరిగి ఇచ్చారు, మంచి కంపెనీయే' అని ఎవరైనా చెబితే దాన్ని నిజాయితీకి సాక్ష్యంగా తీసుకోనక్కరలేదు.

పూర్తిగా నకిలీ కానివి, కానీ అదే భయంతో బతికేవి ఇంకో తరగతి. 2024 మార్చిలో రెస్టోరో, రీఇమేజ్ అనే రెండు సైప్రస్ సంస్థలు, విండోస్ హెచ్చరికల్లా కనిపించే ప్రకటనలతో భయపెట్టి మరమ్మతు సేవలు అమ్మారన్న అభియోగం మీద, అదే కమిషన్‌కు 2 కోట్ల 60 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. 2019లో ఆఫీస్ డిపో అనే అమెరికా దుకాణాల సంస్థ, దాని సాఫ్ట్‌వేర్ సరఫరాదారు కలిసి మూడున్నర కోట్ల డాలర్లు కట్టిన కేసు ఇంకా గమనించదగ్గది. అక్కడి ఉచిత కంప్యూటర్ పరీక్షలో మొదట నాలుగు ప్రశ్నలుండేవి: కంప్యూటర్ నెమ్మదించిందా, వైరస్ హెచ్చరికలు వచ్చాయా, తరచూ ఆగిపోతున్నదా, ప్రకటనలు ఎక్కువగా వస్తున్నాయా అని. వాటిలో ఏ ఒక్కదానికి ఔనన్న గుర్తు పెట్టినా, స్కాన్‌లో ఏం తేలినా తేలకపోయినా, వైరస్ లక్షణాలు కనిపించాయన్న ఫలితం వచ్చేదని కమిషన్ అభియోగం. పేరున్న దుకాణం లోపల, బల్ల ముందు కూర్చోబెట్టి చేసిన పరీక్ష అది. ఫోన్ నంబరు ఉన్న తెరను మాత్రమే అనుమానిస్తే సరిపోదని దీన్ని చదివాకే నాకు అర్థమయింది.

ఇప్పుడు అసలు వస్తువు దగ్గరకు వస్తాను. మైక్రోసాఫ్ట్ 2004 డిసెంబరులో జయంట్ అనే చిన్న కంపెనీని కొని, దాని స్పైవేర్ (దొంగచాటుగా మన సమాచారం కాజేసే ప్రోగ్రాం) నిరోధకాన్ని 2006లో విండోస్ డిఫెండర్‌గా విడుదల చేసింది. 2009లో సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతో ఉచిత యాంటీవైరస్ ఇచ్చింది. 2012లో విండోస్ 8 నుంచి రెండూ కలిసిపోయి విండోస్‌లోనే భాగమయ్యాయి. ఆ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ పేరుతోనే 2010లో ఒక నకిలీ పుట్టిందంటే, నిజమైనదాని రూపం తెలిసి ఉండడం ఎంత అవసరమో ఊహించవచ్చు.

నిజమైన హెచ్చరిక ఎలా ఉంటుందో మామయ్యకు మాటల్లో చెప్పడం వృథా అనిపించి, ఒక పని చేశాను. యాంటీవైరస్ పనిచేస్తున్నదో లేదో చూసుకోవడానికి ఐకార్ అనే యూరప్ సంస్థ తయారుచేసిన పరీక్ష ఫైలు ఒకటుంది. అది 68 అక్షరాల వరుస. ఎవరికీ ఏ హానీ చేయదు. కానీ దాన్ని చూస్తే వైరస్ చూసినట్టే అరవాలని యాంటీవైరస్ కంపెనీలన్నీ ఒప్పుకున్నాయి. ఆ 68 అక్షరాలను నోట్‌ప్యాడ్‌లో పెట్టి సేవ్ చేశాను. రెండు మూడు సెకన్లలో కుడివైపు కింద, అరచేతి సగమంత బూడిదరంగు పలక పైకి లేచింది: ప్రమాదం దొరికింది, వివరాలు చూడండి అని రెండు వరుసలు. మామూలు నోటిఫికేషన్ గంట ఒకటి మోగింది. కాసేపటికి పలక దానంతటదే వెళ్లిపోయింది. ఫైలు అప్పటికే తీసేసి ఉంది. ప్రొటెక్షన్ హిస్టరీ అనే పేజీ తెరిస్తే, ఐకార్ పరీక్ష ఫైలు, తీవ్రత ఎక్కువ, ఫలానా తేదీ, ఫలానా సమయం అని నమోదై ఉంది. ఫోన్ నంబరు లేదు, ధర లేదు, లెక్కపెట్టే గడియారం లేదు, కంప్యూటర్ ఆపవద్దన్న బెదిరింపు లేదు. మామయ్య దాన్ని మూడుసార్లు చేయించుకొని చూశారు. "ఇంతేనా? ఇంత నెమ్మదిగా చెబుతుందా?" అన్నారు. ఈ ఉత్పత్తిలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం అదే, ఆ నెమ్మదితనం. తన పని తాను చేసుకొని, చేశానని చెప్పి తప్పుకుంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో కొన్నాళ్ల ఉచిత వాడకానికి వచ్చే యాంటీవైరస్‌లు, గడువు తీరాక రోజుకు నాలుగుసార్లు 'మీకు రక్షణ లేదు' అని అడ్డుపడుతుంటే, నిజమైన కంపెనీకీ దొంగ కంపెనీకీ తేడా తెలియని స్థితికి మనుషులు ఎలా చేరుకుంటారో తెలుస్తుంది.

అయితే కవచం గుర్తు ఉంటే చాలు, ఇంకేమీ అక్కరలేదనుకుంటే పొరపాటు. మామయ్య కంప్యూటర్‌లో ఆ రోజు కూడా డిఫెండర్ ఉన్నది, పనిచేస్తున్నది. నీలితెర వచ్చినప్పుడు అది ఊరకున్న కారణం సులువు: ఆ తెర వైరస్ కాదు, బ్రౌజర్‌లో తెరుచుకున్న ఒక వెబ్ పేజీ మాత్రమే. తెర నిండా పరుచుకొని, మౌస్ బాణాన్ని దాచి, మోత పెడుతుంది. కంప్యూటర్ లోపల ఏ ఫైలునూ ముట్టుకోదు. అలాంటప్పుడు ఎస్కేప్ మీటను రెండు మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పేజీ మామూలు సైజుకు దిగుతుంది, మూసేయవచ్చు. దిగకపోతే ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి వచ్చే పట్టికలో బ్రౌజర్‌ను ఎంచుకొని ముగించవచ్చు. ఏదీ తోచకపోతే కరెంటు బొత్తాం పది సెకన్లు నొక్కి పట్టుకొని ఆపేసినా, సేవ్ చేయని పని తప్ప ఏమీ పోదు. తిరిగి తెరిచాక బ్రౌజర్, పాత పేజీలు మళ్లీ తెరవమంటారా అని అడిగితే మాత్రం వద్దనాలి. ఇటువంటి తెరలను గుర్తించి ఆపే స్కేర్‌వేర్ బ్లాకర్ అనే సదుపాయాన్ని 2025లో మైక్రోసాఫ్ట్ తన ఎడ్జ్ బ్రౌజర్‌లో చేర్చింది. అది ఎడ్జ్‌లో మాత్రమే ఉంటుంది. క్రోమ్ వాడేవారికి గూగుల్ సొంత హెచ్చరికలే దిక్కు.

రెండోది, దూరం నుంచి కంప్యూటర్ నడిపే ప్రోగ్రాంలు. అవి ఆఫీసుల్లో రోజూ వాడే సక్రమమైన సాఫ్ట్‌వేర్లు కాబట్టి డిఫెండర్ వాటిని ఆపదు, ఆపకూడదు కూడా. ఇంటి యజమానే తలుపు తీసి లోపలికి పిలిచాక కాపలాదారు ఏం చేస్తాడు? మామయ్య కంప్యూటర్‌లో వాళ్లు మొదట చేసిన పని విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్‌టైమ్ రక్షణ, అంటే ఎప్పటికప్పుడు ఫైళ్లను కనిపెట్టి ఉండే కాపలాను, ఆపేయడం. పాత యాంటీవైరస్ పాడైపోయిందని దానికొక సాకు చెప్పారట. బయటి ప్రోగ్రాంలు ఆ అమరికను ముట్టుకోకుండా టాంపర్ ప్రొటెక్షన్ అనే తాళం ఉన్నది, కానీ మనిషి చేత్తో మౌస్ పట్టుకొని ఆపితే అది అడ్డుపడదు.

మూడో లోపం చిన్నదిగా కనిపిస్తుంది గానీ నా లెక్కలో అతి ముఖ్యమైనది. ఈ రోజుల్లో దొంగ యాంటీవైరస్‌లు ఎక్కువగా వస్తున్న దారి బ్రౌజర్ నోటిఫికేషన్లు. ఏదో సైటు తెరిస్తే 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలో నొక్కండి' అంటుంది. నొక్కామా, ఇక ఆ సైటు మూసేసినా, మర్నాడైనా, తెర కుడిమూలన, సరిగ్గా డిఫెండర్ పలక లేచే చోటనే, పేరున్న యాంటీవైరస్‌ల గుర్తులతో 'మీ చందా ముగిసింది', 'అయిదు వైరస్‌లు దొరికాయి' అంటూ పలకలు వరుసగా లేస్తుంటాయి. నిజమూ నకిలీ ఒకే గుమ్మంలో నిలబడతాయన్నమాట. తేడా ఒక్క సన్నని వరుసలో ఉంటుంది: నకిలీ పలక మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరూ, ఒక సైటు చిరునామా కనిపిస్తాయి. మామయ్య కంప్యూటర్‌లో అలాంటి సైట్లు పదకొండు అనుమతి పొంది ఉన్నాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి వాటినన్నిటినీ తీసేసి, ఇకమీద ఏ సైటూ అసలు అనుమతి అడగకుండా అమర్చాను. అయిదు నిమిషాల పని. మీ ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్‌కు ఈ సమీక్ష చదివి ఒక్క పనే చేయగలిగితే, అది చేయండి.

డిఫెండర్‌లోనే కొన్ని అమరికలు చేత్తో సరిచూసుకోవాలి. యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ అనే విభాగంలో రెప్యుటేషన్ ఆధారిత రక్షణ తెరిస్తే, అక్కరలేని యాప్‌లను ఆపే మీట ఒకటి ఉంటుంది. పూర్తి వైరస్ కాకపోయినా, భయపెట్టి డబ్బడిగే 'క్లీనర్'లనూ 'ఆప్టిమైజర్'లనూ ఆపేది అదే కాబట్టి అది ఆన్‌లో ఉందో లేదో చూడాలి. వేరే యాంటీవైరస్ ఏదైనా ఎక్కిస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి దొంగవీ, గడువు తీరినవీ తీసేశాక, కవచం తిరిగి మేలుకొన్నదో లేదో తెరిచి చూడడం మంచిది. కవచం మీద ఆకుపచ్చ టిక్కు ఉంటే సరే. ఎర్ర గుర్తు ఉంటే తెరిచి చూడాలి. పసుపు గుర్తు దగ్గర మాత్రం మైక్రోసాఫ్ట్ తీరు నాకు నచ్చదు. ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే దాని వన్‌డ్రైవ్ సేవను అమర్చుకోకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి రాకపోయినా ఆ పసుపు గుర్తు పడుతుంది. రక్షణకు వాడే గుర్తునే సొంత సేవలకు రమ్మని పిలవడానికి వాడితే, గుర్తును నమ్మడం ఎలాగో పెద్దవాళ్లకు మేమెలా నేర్పాలి? దానికి తోడు, వర్డ్, ఎక్సెల్ వంటివి చందాకు ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 చందాదారుల కోసం అదే డిఫెండర్ పేరుతో వేరే యాప్ ఒకటి ఉంది. ఇంట్లో ఉచితంగా ఉన్నదానికీ, చందాతో వచ్చేదానికీ ఒకే పేరు పెట్టడం, నకిలీలు పేర్ల తికమక మీదనే బతికే కాలంలో, సరైన పని కాదు. కొనమని ఎవరు అడిగినా అది విండోస్‌లోని యాంటీవైరస్ కాదని మాత్రం గుర్తుంచుకుంటే ఈ చిక్కు సగం తీరుతుంది, ఎందుకంటే దానికి లైసెన్సు కీ లేదు, గడువు లేదు, పునరుద్ధరణ రుసుము లేదు.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఇంకొక వేషం ఎదురవుతుంది. యాంటీవైరస్ చందా 399 డాలర్లకు పునరుద్ధరించాం, వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఈమెయిల్‌లో రసీదు వస్తుంది. కొనని వస్తువుకు డబ్బు పోయిందన్న కంగారులో ఫోన్ చేస్తే, వాపసు ఇస్తామంటూ కంప్యూటర్‌లోకి వచ్చి, బ్రౌజర్‌లో తెరిచి ఉన్న బ్యాంకు పేజీలో అంకెలు మార్చి, పొరపాటున ఎక్కువ పంపాం, తేడాను గిఫ్ట్ కార్డుల రూపంలో తిరిగివ్వండి, లేకపోతే నా ఉద్యోగం పోతుంది అని ప్రాధేయపడతారు. పేజీలో కనిపించిన అంకె తెర మీద మార్చిన అక్షరమే, బ్యాంకులో ఏదీ మారదు. పేజీని మళ్లీ లోడ్ చేస్తే పాత అంకె వచ్చేస్తుంది. ఇలాంటి కాల్ సెంటర్లు మన దేశం నుంచే నడుస్తున్నాయన్నది బాధాకరమైన నిజం. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో 76 చోట్ల సోదాలు జరిపింది. అందులో కొన్ని కేసులు అమెజాన్, మైక్రోసాఫ్ట్ సంస్థల ఫిర్యాదుల మీద, వాటి సాంకేతిక సహాయకుల వేషం వేసిన కాల్ సెంటర్ల మీద నమోదైనవే.

డబ్బు సంగతి. సైబర్ మోసాల ఫిర్యాదుల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం, సైబర్ నేరాల జాతీయ పోర్టల్‌లోనూ నమోదు చేశాం. అప్పటికి రెండు నెలలు దాటింది కాబట్టి ఏడువేల అయిదువందలూ తిరిగి రాలేదు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారుడి తప్పు లేకుండా బయటివారి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల లోపల బ్యాంకుకు చెబితే నష్టం ఖాతాదారుడి మీద పడదు. కానీ పిన్ తానే ఇచ్చి కట్టిన సందర్భంలో, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం ఆయనే భరించాలి. చెప్పిన తరువాత జరిగేది బ్యాంకు బాధ్యత. అందువల్ల సిగ్గుపడి దాచుకున్న ప్రతి గంటకూ ఖరీదు ఉంటుంది. ఇలాంటిది జరిగిందని తెలిసిన క్షణం ఇంటర్నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకూ 1930కీ చెప్పి, బ్యాంకు, ఈమెయిల్ పాస్‌వర్డులు ఆ వేరే పరికరం నుంచే మార్చాలి. ఆ తరువాతే కంప్యూటర్ శుభ్రం. మేము రిమోట్ ప్రోగ్రాంనూ దొంగ యాంటీవైరస్‌నూ సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితా నుంచి తీసేసి, డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ చేయించాం. అది కంప్యూటర్‌ను ఆపి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, లోపల దాక్కున్నవి తప్పించుకోవడం కష్టం. పావుగంట పట్టింది, ఏమీ దొరకలేదు.

విండోస్ 10 మీద ఉన్నవారికి ఒక మాట. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. డిఫెండర్ వైరస్ జాబితాలు ఆ తరువాత కూడా వస్తాయి గానీ, విండోస్‌లో పడ్డ కన్నాలకు మాట్లు వేయడం పొడిగింపు పథకంలో చేరినవారికే. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వన్నాక్రై అనే వైరస్ మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను కూడా తాకినప్పుడు, దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చి ఉంది. వేసుకోని యంత్రాలే చిక్కుకున్నాయి. అప్‌డేట్లు వేసుకోని కంప్యూటర్‌కు ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొన్నా అది సగం రక్షణే.

పది నెలల వాడకం తరువాత నా అభిప్రాయం స్పష్టంగా ఉంది. ఇంటి కంప్యూటర్‌కు డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనవలసిన అవసరం ఇప్పుడు లేదు. డిఫెండర్, సకాలంలో అప్‌డేట్లు, నోటిఫికేషన్లు మూసేసిన బ్రౌజర్ ఉంటే సరిపోతుంది. పెద్దవాళ్లు వాడేదైతే దీనికి మరొకటి కలపాలి. వాళ్ల ఖాతాను స్టాండర్డ్ ఖాతాగా మార్చి, అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు వేరే పాస్‌వర్డు పెట్టి, దాన్ని ఇంట్లో నమ్మకమైన మరొకరి దగ్గర ఉంచాలి. అప్పుడు చాలా ప్రోగ్రాంలు ఎక్కే ముందు పాస్‌వర్డు అడుగుతాయి, డిఫెండర్‌ను ఆపాలన్నా అడుగుతుంది. అవతలి గొంతు ఎంత తొందరపెట్టినా, మధ్యలో ఇంకో మనిషికి ఫోన్ చేయక తప్పదు. మామయ్య దీనికి చిన్నబుచ్చుకుంటారేమోనని భయపడ్డాను గానీ, ఆయనే, "పాస్‌వర్డు నాకు చెప్పకు, నీ దగ్గరే ఉంచు" అన్నారు.

ఈ పది నెలల్లో ఆయన దానికోసం రెండుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి మనవరాలి వీడియో యాప్ కోసం. రెండోసారి మొన్న ఆదివారం: తెర మీద వచ్చిన పెట్టెలోని ఇంగ్లీషు అక్షరాలన్నీ, కంపెనీ పేరు, ఫైలు పేరు, కింద ఉన్న రెండు బొత్తాల మాటలతో సహా, బడిలో శ్రుతలేఖనం చెప్పించినట్టు ఒక్కొక్కటే చదివి వినిపించారు. కొత్త ప్రింటర్ డ్రైవరు అది. పాస్‌వర్డు చెప్పాను.